పవర్ సప్లై కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూస్తే చాలదు

కంప్యూటర్ లోపలి భాగాలకి కరెంటు అందించే పవర్ సప్లైలు రెండు పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండింటి అట్టపెట్టె మీదా పెద్ద అంకెలతో 500 వాట్లు అనే ఉంటుంది. పెట్టె సంగతి వదిలేసి లోపలి యూనిట్‌ని బయటకు తీసి, పక్కన అంటించిన స్టికర్ చదవండి. అందులో చిన్న పట్టిక ఉంటుంది. 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని విడివిడిగా గళ్లు, ఒక్కో గడి కింద ఎన్ని ఆంప్స్ ఇవ్వగలదో ఆ లెక్క. మొదటిదానిలో 12 వోల్టుల గడి కింద 30 ఆంప్స్ అని ఉందనుకుందాం, 12ని 30తో గుణిస్తే 360 వాట్లు. రెండోదానిలో 41 ఆంప్స్ ఉంది, అంటే 492 వాట్లు. పెట్టె మీద అంకె ఒకటే అయినా కంప్యూటర్‌కి నిజంగా పనికొచ్చే కరెంటులో 130 వాట్లకు పైగా తేడా వచ్చేసింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఇప్పటి కంప్యూటర్ దాదాపు మొత్తం 12 వోల్టుల మీదే బతుకుతుంది. ఒకప్పుడు అలా కాదు, 1990లలో ప్రాసెసర్‌తో సహా బోర్డు మీదున్న చిప్పులు ఎక్కువగా 5, 3.3 వోల్టుల లైన్ల నుంచే కరెంటు తీసుకునేవి. పెంటియం 4 కాలానికి, అంటే 2000 ప్రాంతంలో, ప్రాసెసర్‌కి ప్రత్యేకంగా 12 వోల్టుల 4 పిన్నుల కనెక్టర్ వచ్చింది, అప్పటినుంచి బరువంతా మెల్లగా అటు మారిపోయింది. ఇప్పుడు ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ 12 వోల్టులు తీసుకుని, తమ పక్కనే ఉన్న రెగ్యులేటర్ల ద్వారా దాన్ని ఒక వోల్టు చుట్టుపక్కలకి దించుకుని వాడుకుంటాయి. కాబట్టి 12 వోల్టుల వాటా తక్కువగా ఉంచి 5 వోల్టుల లైన్ మీద ఎక్కువ ఇస్తానని గొప్పగా రాసుకున్న యూనిట్ పాత డిజైన్‌నే కొత్త రంగుతో అమ్ముతోందని అనుమానించాలి. స్టికర్ మీద 12 వోల్టుల వాటా మొత్తం రేటింగ్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఈ ఒక్క గుణకారం చేస్తేనే నాసిరకం యూనిట్లు చాలావరకు పక్కకి పోతాయి.

ఇక ఎన్ని వాట్లు కావాలన్న ప్రశ్న. అందరూ మొదట అడిగేది ఇదే, నిజానికి అన్నిటికంటే తేలికైనదీ ఇదే. ప్రాసెసర్ గరిష్ఠంగా ఎంత తింటుంది, గ్రాఫిక్స్ కార్డ్ ఎంత తింటుంది, మిగతా బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులకి ఒక 60 నుంచి 80 వాట్లు, ఈ మూడూ కూడితే చాలు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ప్రాసెసర్ పెట్టె మీదుండే టీడీపీ అంకె (ఎంత వేడికి తగ్గ కూలర్ పెట్టాలో చెప్పేది) గరిష్ఠ వాడకం కాదు. రైజెన్ 5 7600కి 65 వాట్లని రాసి ఉంటుంది, కానీ అది 88 వాట్ల దాకా తీసుకోగలదు. ఇంటెల్ కోర్ ఐ9-14900కె బేస్ పవర్ 125 వాట్లు, టర్బోలో, అంటే వేగం పెంచుకుని నడిచేటప్పుడు, ఇంటెల్ చెప్పిన హద్దే 253. ఆ హద్దుని కూడా తీసేసి నడిపే మదర్‌బోర్డులు ఉన్నాయి.

రైజెన్ 5 7600కి తోడు 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డ్ పెట్టుకున్న కంప్యూటర్ ఎంత గింజుకున్నా 280 వాట్లు దాటడం కష్టం. దానికి నాణ్యమైన 500 లేదా 550 వాట్ల యూనిట్ పెడితే హాయిగా సరిపోతుంది, 850 పెట్టమని చెప్పేవాళ్ల మాట వినక్కర్లేదు. అదే 14900కె పక్కన 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 కూర్చుంటే లెక్క 780 దగ్గర తేలుతుంది, అప్పుడు 1000 వాట్లు అడగడంలో న్యాయం ఉంది. గ్రాఫిక్స్ కార్డ్ తయారీదారులు 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070కి కూడా 650 వాట్ల పవర్ సప్లై వాడమంటారు. కొనేవాళ్ల దగ్గర ఏ ప్రాసెసర్ ఉందో, ఎలాంటి పవర్ సప్లై ఉందో వాళ్లకి తెలియదు, అందుకే అంత ఎడం పెట్టి చెబుతారు. తన కంప్యూటర్‌లో ఏముందో తెలిసినవాళ్లు సొంత లెక్క వేసుకోవచ్చు.

కూడగా వచ్చిన మొత్తం యూనిట్ రేటింగ్‌లో 60, 70 శాతం దగ్గర ఉంటే బాగుంటుంది. ఫ్యాన్ పెద్దగా అరవదు, వేడి తక్కువ, రేపు ఇంకాస్త పెద్ద కార్డు పెట్టుకోవాలన్నా చోటు ఉంటుంది. పెద్ద యూనిట్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందనే భయం మాత్రం అక్కర్లేదు. 1000 వాట్ల యూనిట్ 1000 వాట్లు లాగదు, కంప్యూటర్ అడిగినంతే ఇస్తుంది, తన నష్టాన్ని కలుపుకుని గోడ ప్లగ్గు నుంచి అంతే తీసుకుంటుంది. చాలా తక్కువ లోడ్ దగ్గర పెద్ద యూనిట్ల సామర్థ్యం, అంటే ప్లగ్గు నుంచి లాగినదానిలో కంప్యూటర్‌కి చేరే శాతం, కొంచెం పడిపోయే మాట నిజం, రోజంతా బ్రౌజర్ తప్ప ఏమీ తెరవని కంప్యూటర్‌కి 1200 వాట్లు పెట్టడం ఆ లెక్కన దండగ.

అసలు చిక్కు సగటు వాడకంతో రాదు, క్షణికంగా వచ్చే కుదుపులతో వస్తుంది. 320 వాట్ల గ్రాఫిక్స్ కార్డ్ అంటే ప్రతి క్షణమూ 320 వాట్లు తీసుకుంటుందని కాదు. ఆటలో ఒక్కసారిగా సీన్ మారినప్పుడు అది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయానికి రెట్టింపు దాకా ఎగబాకి, మళ్లీ కిందికి దిగిపోతుంది. మామూలు వాట్ మీటర్‌కి ఇది కనబడదు, అది చూపించేది సగటే. కానీ పవర్ సప్లై లోపలున్న రక్షణ సర్క్యూట్‌కి కనబడుతుంది, అది దీన్ని ప్రమాదంగా భావిస్తే అక్కడికక్కడే మొత్తం కట్టేస్తుంది.

2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు చాలామందిని ఏడిపించింది ఇదే. లెక్క ప్రకారం 750 వాట్లు సరిపోవాలి. అయినా ఆట మధ్యలో స్క్రీన్ నల్లబడి, ఫ్యాన్లు ఆగి, కంప్యూటర్ ఒక్కసారిగా ఆరిపోయేది. పాపం విండోస్ మళ్లీ వేసినవాళ్లున్నారు, ర్యామ్ మార్చినవాళ్లున్నారు, కార్డే పాడైందని వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు. ఈ జబ్బుని గుర్తుపట్టడానికి ఒక తేలికైన దారి ఉంది. నీలి తెర గానీ ఎర్రర్ గానీ లేకుండా, కేవలం గ్రాఫిక్స్ బరువు పడినప్పుడే, ఎవరో ప్లగ్గు పీకేసినట్టు ఆరిపోతుంటే, కార్డు సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ని 70 శాతానికి దించి అదే ఆట మళ్లీ ఆడండి. ఆరిపోవడం ఆగిపోతే వేలు చూపించాల్సింది ముందుగా పవర్ సప్లై వైపే. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది, విడిభాగాలు మార్చుకుంటూ పోయేముందు తప్పకుండా చేయాలి.

ఈ గొడవకి జవాబుగానే ఇంటెల్ 2022లో పవర్ సప్లైలు ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ 3.0 ప్రమాణం తెచ్చింది. కొత్త 16 పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టర్ ఉన్న పెద్ద యూనిట్ తన రేటింగ్‌కి రెట్టింపు లోడ్‌ని 100 మైక్రోసెకన్ల పాటు ఆరిపోకుండా తట్టుకోవాలని అందులో రాసిపెట్టారు. అంటే 850 వాట్ల యూనిట్ ఆ చిటికెలో 1700 వాట్లు ఇవ్వగలగాలి. పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ పెట్టుకోబోయేవాళ్లు కొత్తగా కొంటున్నప్పుడు ఏటీఎక్స్ 3.0 లేదా ఆ తర్వాతి 3.1 అని ఉన్నదే తీసుకోవాలి, ఇక్కడ రాజీ పడక్కర్లేదు. పాతది మంచి యూనిట్ అయితే, ఏ గొడవా లేకుండా నడుస్తుంటే, ఈ ఒక్క కారణంతో మార్చేయాల్సిన పనీ లేదు.

పెట్టె మీద బ్రాంజ్, గోల్డ్ అంటూ సామర్థ్యానికి గ్రేడ్ చూపించే 80 ప్లస్ బ్యాడ్జి గురించి ఉన్నన్ని అపోహలు ఇంకే విషయంలోనూ లేవు. మొదటి అపోహ: 80 శాతం సామర్థ్యమున్న 500 వాట్ల యూనిట్ 400 వాట్లే ఇస్తుందని. తప్పు, 500 అనేది బయటకిచ్చే లెక్క. 400 వాట్లు ఇవ్వాల్సి వచ్చినప్పుడు 80 శాతం యూనిట్ ప్లగ్గు నుంచి 500 లాగుతుంది, 90 శాతం యూనిట్ 444 లాగుతుంది, మధ్యలోని 56 వాట్లు వేడిగా మారి ఫ్యాన్ మీద పడతాయి. రెండో అపోహ ఇంకా పెద్దది: గోల్డ్ అంటే నాణ్యత అనుకోవడం. 2004లో మొదలైన ఈ పథకం కొలిచేది సామర్థ్యాన్ని. 115 వోల్టుల పరీక్షలో 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర బ్రాంజ్‌కి 82, 85, 82 శాతం రావాలి, గోల్డ్‌కి 87, 90, 87 రావాలి. ఆ పరీక్ష కూడా 23 డిగ్రీల చల్లటి గదిలో జరుగుతుంది. క్యాబినెట్ లోపల ఆట ఆడుతున్నప్పుడు ఉండే వేడి అది కాదు. వోల్టేజీ ఎంత నిలకడగా ఉంది, షార్ట్ అయితే ఆగుతుందా, ఫ్యాన్ రెండేళ్లకే గరగరలాడుతుందా అన్న ప్రశ్నలకి ఆ బ్యాడ్జిలో జవాబు లేదు.

మరి గోల్డ్ యూనిట్లు సాధారణంగా బాగానే ఉంటాయి కదా అంటే, ఉంటాయి. ఆ సామర్థ్యం రాబట్టాలంటే లోపల కొత్త తరం డిజైన్ పెట్టక తప్పదు, దాంతోపాటు మిగతా మంచి లక్షణాలు కూడా చాలావరకు వస్తాయి. అది సూచన మాత్రమే, హామీ కాదు. బాగా కట్టిన బ్రాంజ్ యూనిట్, చవగ్గా కట్టిన గోల్డ్ యూనిట్ రెండిట్లో ఏది అంటే కళ్లు మూసుకుని బ్రాంజే తీసుకోవాలి. శబ్దం గురించి కూడా పట్టించుకునేవాళ్లకి సైబెనెటిక్స్ రేటింగ్ ఉపయోగపడుతుంది, సామర్థ్యానికి ఈటా అనీ శబ్దానికి లాంబ్డా అనీ రెండు వేర్వేరు గ్రేడ్లు ఇస్తారు.

లోపల తేడా ఎక్కడ ఉంటుంది? ముందుగా వోల్టేజీని అదుపు చేసే పద్ధతిలో. పాత చవక పద్ధతిలో 12, 5 వోల్టుల లైన్లని కలిపి ఒకే సర్క్యూట్ సర్దుతుంది, దాన్ని గ్రూప్ రెగ్యులేషన్ అంటారు. ఒక లైన్ మీద బరువు పెరిగి రెండోదాని మీద తగ్గితే త్రాసులాగా ఒకటి కిందికి పోతుంది, ఇంకోటి పైకి లేస్తుంది. 2013లో ఇంటెల్ హాస్‌వెల్ ప్రాసెసర్లు నిద్ర స్థితిలో 12 వోల్టుల లైన్ నుంచి అతి తక్కువ కరెంటు తీసుకునేలా వచ్చినప్పుడు, ఇలాంటి పాత యూనిట్లు ఆ తేడాని తట్టుకోలేవేమోనని పెద్ద చర్చే నడిచింది. కొత్త పద్ధతిలో యూనిట్ ముందు 12 వోల్టులు మాత్రమే తయారుచేసి, అందులోంచే విడిగా చిన్న కన్వర్టర్లతో 5, 3.3 తీస్తుంది. దీన్ని డీసీ టు డీసీ అంటారు. ఇప్పటి కంప్యూటర్‌కి ఇదే సరైనది.

తర్వాత కెపాసిటర్లు. చార్జిని దాచుకుని వోల్టేజీని నిలకడగా ఉంచే ఇవి ఎలెక్ట్రానిక్స్‌లో ముసలితనం ముందుగా వచ్చే భాగాలు. వీటిలో 85 డిగ్రీల రకం, 105 డిగ్రీల రకం ఉంటాయి, 10 డిగ్రీల వేడి తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందన్నది ఇంజినీర్లు వాడే అంచనా. ఒకే వేడిలో పనిచేసే రెండు యూనిట్లలో 105 రకం వాడినది ఎన్నో ఏళ్లు ఎక్కువ బతుకుతుంది, మిగతా అన్నీ సమానమైతే. కెపాసిటర్లు బలహీనపడే కొద్దీ 12 వోల్టుల లైన్ మీద సన్నటి అల పెరుగుతుంది, దాన్ని రిపుల్ అంటారు. ప్రమాణం ప్రకారం అది 12 వోల్టుల మీద 120 మిల్లీవోల్టులు, 5, 3.3 వోల్టుల మీద 50 మిల్లీవోల్టులు మించకూడదు. మంచి యూనిట్లు ఇందులో సగం కూడా చేరవు. ఈ అల ఎక్కువైతే కంప్యూటర్ వెంటనే చావదు, మదర్‌బోర్డు మీదా గ్రాఫిక్స్ కార్డ్ మీదా ఉన్న కెపాసిటర్లు రోజూ కొంచెం ఎక్కువ వేడెక్కుతూ అరిగిపోతాయి. పవర్ సప్లై మీద మిగుల్చుకున్న డబ్బు ఇలా వేరే ఖాతాలోంచి వసూలవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, అది పాడైన రోజున ఎలా పాడవుతుంది అన్నది. ర్యామ్ పోతే ర్యామ్ పోతుంది, డిస్క్ పోతే డిస్క్ పోతుంది. పవర్ సప్లై పోతే తనకి కలిపి ఉన్న ప్రతిదాన్నీ వెంట తీసుకుపోగలదు. దీన్ని ఆపడానికే రక్షణ సర్క్యూట్లు. కరెంటు మితిమీరితే ఆపేది ఒకటి, వోల్టేజీ పెరిగితే ఆపేది ఒకటి, తగ్గితే ఒకటి, మొత్తం లోడ్ దాటితే ఒకటి, షార్ట్ అయితే ఒకటి, లోపల వేడి మించితే ఒకటి. చవక యూనిట్లలో మొదట ఎగిరిపోయేది ఈ చివరిదే, వేడి రక్షణ. ఇంకొన్నిటిలో అన్నీ ఉన్నట్టే పెట్టె మీద రాస్తారు గానీ హద్దుని ఎంత పైన పెడతారంటే, అది మేలుకునేసరికి లోపలి ట్రాన్సిస్టర్లు అప్పటికే కాలిపోయి ఉంటాయి.

ఇది పెట్టె చూసి తెలిసేది కాదు, కొలిచేవాళ్లు చెప్పాలి. యూనిట్‌ని వేడి పెట్టెలో ఉంచి 100 శాతానికి మించి లోడ్ పెట్టి, ఆసిలోస్కోప్‌తో రిపుల్ చూసి, ఒక్కో రక్షణనీ కావాలని రెచ్చగొట్టి అది ఎక్కడ ఆగిందో రాసే రివ్యూలనే నమ్మాలి. పెట్టె తెరిచి కేబుళ్ల నలుపు బాగుందని చెప్పేది రివ్యూ కాదు. బ్రాండ్ పేరు మీద కూడా గుడ్డిగా ఆధారపడకూడదు. పేరు ఒకరిది, తయారీ వేరొకరిది కావడం ఈ రంగంలో మామూలు విషయం. కోర్సెయిర్ తన పేరుతో అమ్మిన యూనిట్లలో చాలావాటిని సీడబ్ల్యూటీ, గ్రేట్ వాల్, సీసోనిక్ లాంటి సంస్థలు తయారుచేశాయి. ఒకే బ్రాండ్‌లో అద్భుతమైన మోడలూ ఉంటుంది, అంతంతమాత్రం మోడలూ ఉంటుంది. కాబట్టి వెతకాల్సింది పూర్తి మోడల్ పేరు, దాని వాట్లు, వీలైతే ఏ ఏటి వెర్షనో అది కూడా. రివ్యూ దొరకని మోడల్ అయితే వారంటీ ఎన్నేళ్లో చూడండి. 7, 10 ఏళ్లు ఇచ్చే తయారీదారుకి లోపల ఏం పెట్టాడో తెలుసు, 2 ఏళ్లిచ్చేవాడికీ తెలుసు.

కేబుళ్ల దగ్గర కొంచెం నిదానించాలి, ఎందుకంటే కాలిపోయిన ఫోటోలు ఎక్కువగా ఇక్కడివే. పాత 8 పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టర్ 150 వాట్లకి, అంటే 12.5 ఆంప్స్‌కి. ఆ కరెంటు మూడు పిన్నుల్లో పంచుకుంటే ఒక్కోదానికి నాలుగుకి కాస్త పైన పడుతుంది, పిన్ను తట్టుకోగలిగేది దానికి దాదాపు రెట్టింపు. కొత్త 16 పిన్నుల కనెక్టర్ 600 వాట్లు, అంటే 50 ఆంప్స్ మోస్తుంది. అది ఆరు పిన్నుల్లో పంచుకుంటే ఒక్కోదానికి 8.3, ఆ పిన్ను రేటింగ్ 9.5. ఎడం ఎంత సన్నబడిందో చూడండి. ఒక్క పిన్ను సరిగ్గా ఆనకపోయినా దాని వాటా మిగతావాటి మీద పడి హద్దు దాటేస్తుంది. 2022 అక్టోబర్‌లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన నెలలోనే కరిగిన కనెక్టర్ల ఫిర్యాదులు మొదలయ్యాయి. తర్వాత వచ్చిన 12వీ-2×6 అనే సవరించిన రూపంలో కనెక్టర్ తగిలిందో లేదో కార్డుకి చెప్పే చిన్న సెన్స్ పిన్నులు పొట్టివి చేశారు, కనెక్టర్ పూర్తిగా దిగకపోతే కార్డు కరెంటే తీసుకోదు. మంచి మార్పే, కానీ పిన్నుల మధ్య కరెంటు సమానంగా పంచుకునేలా చేసేది ఇందులో ఏదీ లేదు. అందుకే దీన్ని పెట్టేటప్పుడు రెండు బొటనవేళ్లతో నిటారుగా నొక్కాలి, తర్వాత టార్చ్ వేసి పక్కనుంచి చూడాలి, కనెక్టర్‌కీ సాకెట్‌కీ మధ్య వెంట్రుకంత సందు కూడా కనబడకూడదు. కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల దాకా వైరు వంచకూడదు. క్యాబినెట్ తలుపు ఆ వైరుని నొక్కుతుంటే కార్డు కాదు, క్యాబినెట్ మార్చుకోవాలి.

రెండు 8 పిన్నులు అడిగే కార్డుకి ఒకే వైరు చివర రెండు తలలున్న కేబుల్ వాడేయడం ఇంకో అలవాటు. 200 వాట్ల కార్డుకి నడిచిపోతుంది. 300 దాటే కార్డుకి పవర్ సప్లై నుంచి రెండు వేరు కేబుళ్లే లాగాలి.

ఇక మాడ్యులర్ యూనిట్లు, అంటే కేబుళ్లని విడిగా ఊడదీయగలిగేవి. పూర్తి మాడ్యులరా, సగం మాడ్యులరా అన్నది సౌకర్యం, కరెంటు నాణ్యతకి సంబంధం లేదు. కానీ ఒక్క ప్రమాదం ఉంది, దీని గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కేబుల్‌కి కంప్యూటర్ వైపున్న కొసకి ప్రమాణం ఉంది, పవర్ సప్లై వైపున్న కొసకి లేదు. ఒక్కో తయారీదారు, ఒక్కోసారి ఒకే తయారీదారు వేర్వేరు మోడళ్లలో, ఏ పిన్నులో ఏ వోల్టేజీ అన్నది తన ఇష్టం. పాత యూనిట్ తీసేసి కొత్తది పెట్టేటప్పుడు, డిస్కులకి కరెంటిచ్చే ఆ సాటా కేబుల్ ఎలాగూ క్యాబినెట్ వెనక నీట్‌గా కట్టి ఉంది కదా అని దాన్నే కొత్తదానికి గుచ్చేస్తారు. అది సరిగ్గా పట్టేస్తుంది కూడా. స్విచ్ వేసిన మరుక్షణం 5 వోల్టులు రావాల్సిన చోటికి 12 వచ్చి, ఫోటోలూ పనీ దాచుకున్న డిస్కులన్నీ ఒకేసారి పోతాయి. పవర్ సప్లై మారితే కేబుళ్లన్నీ మారాలి, దీనికి మినహాయింపు లేదు.

యూపీఎస్ వాడేవాళ్లకి ఒక ముక్క. ఇప్పటి మంచి యూనిట్లన్నిటిలో ప్లగ్గు నుంచి కరెంటుని సాఫీగా లాగే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది, కొన్ని చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లు మెట్లుగా ఉండే కరెంటుతో దానికి పొసగక, సరిగ్గా కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటర్ ఆరిపోవచ్చు. బ్యాటరీ మీద కూడా నున్నటి అలలాంటి కరెంటిచ్చే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్‌తో ఈ టెన్షన్ ఉండదు. హోల్డ్ అప్ టైమ్ కూడా చూడాలి, ప్లగ్గులో కరెంటు ఆగాక యూనిట్ ఎన్ని మిల్లీసెకన్లు నిలబడుతుందన్నది అది. ఏటీఎక్స్ 3.1 పూర్తి లోడ్ దగ్గర 12 మిల్లీసెకన్లకే ఒప్పుకుంది, అంతకుముందు ప్రమాణంలో ఇది 17. యూపీఎస్ బ్యాటరీకి మారడానికి పట్టే సమయం దీనికంటే తక్కువ ఉండాలి. ఈ ఒక్క విషయంలో కొత్త ప్రమాణం పాతదానికంటే వెనక్కి వెళ్లింది, రివ్యూల్లో హోల్డ్ అప్ కొలత ఉంటే అది చూసుకుని కొనడం మంచిది.

సైజు సంగతి తేలిక. మామూలు ఏటీఎక్స్ యూనిట్ 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 ఎత్తు ఉంటుంది, పొడవు మాత్రం 140 నుంచి 180 పైదాకా మారుతుంది, క్యాబినెట్‌లో కేబుళ్లకి కూడా చోటు మిగలాలి. చిన్న క్యాబినెట్లకి ఎస్ఎఫ్ఎక్స్ ఉంది, 125 వెడల్పు, 63.5 ఎత్తు, 100 పొడవు. ఫ్యాన్ చిన్నది కాబట్టి బరువు పడితే గొంతు పెంచుతుంది.

పాత యూనిట్‌ని కొత్త కంప్యూటర్‌లోకి తీసుకెళ్లొచ్చా అంటే, వారంటీలో ఉన్న మంచి మోడల్ అయితే నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. వారంటీ అయిపోయినా, వాసన, సన్నటి కూత, స్టార్ట్ అవడంలో తడబాటు మొదలైనా మాత్రం ఇక వదిలేయాలి. సెకండ్ హ్యాండ్‌లో గ్రాఫిక్స్ కార్డ్ కొనడంలో తప్పులేదు, పవర్ సప్లై మాత్రం ఎన్ని వేల గంటలు ఎంత వేడిలో నడిచిందో చెప్పే గుర్తేదీ పైకి కనబడదు. దాన్ని విప్పి చూద్దామని స్క్రూడ్రైవర్ తీయొద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టుల దగ్గరి చార్జి నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం తీయగలదు.